చెన్నమ్మవ్వ గట్టు, నా ఆముదం చెలక

నిన్న మధ్యాహ్నం మేడ మీద ఆరబెట్టిన వడియాల మీద నల్లటి తునకలు వచ్చి పడ్డాయి. పురుగులేమో అనుకుని తీయబోతే వేళ్ల మధ్య నలిగి మసి అయిపోయాయి. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలిన గడ్డి వాసన. రోడ్డుకు అవతల గట్టుకు ఎవరో నిప్పు పెట్టారు. ప్రతి ఎండాకాలం ఇదే తంతు. నేను వెళ్లి అడగడం, వాళ్లు నవ్వి "కాలవెడితేనే కొత్త గడ్డి మంచిగొస్తది వదినె, నీకు తెల్వదు" అనడం. వడియాలు పోతే పోయాయి, మళ్లీ పెట్టుకుంటాను. వానలకు ముందు నేల ఒంటి మీది బట్ట కాల్చేసి, ఆ తర్వాత పడ్డ వాన నిలవడం లేదని నా దగ్గరికే వచ్చి మొత్తుకుంటారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. అలా మండినప్పుడల్లా చెన్నమ్మవ్వ గుర్తుకొస్తుంది. ఆమె ఉంటే వాళ్లను ఒక్క మాట అనేది కాదు. "ఎప్పుడు కాలవెట్టినవ్?" అని అడిగి ఊరుకునేది. ఆ "ఎప్పుడు"తో ఆమె నాకు తెప్పించిన విసుగు ఇంతా అంతా కాదు.

మాది వనపర్తి దగ్గర పెద్దమందడి వైపు ఒక చిన్న ఊరు. నేను బడి గడప తొక్కలేదు. నాగర్‌కర్నూల్ దగ్గర మా పుట్టింట్లో, పొద్దున పూజ అయ్యాక మా నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించేవాడు. ఆ చదువుతోనే పెళ్లై ఈ ఊరికి వచ్చాను. చుట్టుపక్కల ఆడవాళ్లకు ఉత్తరాలూ కాగితాలూ చదివి పెట్టేదాన్ని. నాయనకు నేను ఎంత దండం పెట్టుకున్నా తక్కువే. అయితే ఇక్కడ ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన తప్పు ఆ చదువు దారినే వచ్చింది.

అత్తవారింట మాకు ఉన్నది రెండెకరాల ఎర్ర చెలక. దాని మూలన ఒక బావి, పక్కన చిన్న కుంట. వాన పడితే ఆముదం, కంది. పడకపోతే దసరా వెళ్లాక గుంపు మేస్త్రి వెంట పట్నానికి కూలికి పోవడం. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ఊళ్లో సగం ఇళ్లకు ఈ రెండే దారులు. పెళ్లైన నాలుగేళ్లలో మేము రెండుసార్లు పోయాము. ఇటుకలు మోయడం కన్నా, ఇంటికి తాళం వేసి లారీ ఎక్కే ఆ పొద్దు నాకు కష్టంగా ఉండేది. దేవుడి పటం ముందు దీపం పెట్టి, కాసేపట్లో ఆరిపోతుందని తెలిసీ తలుపు వేసుకుని వెళ్లాలి. ఇంక పోకూడదు, ఈ రెండెకరాల మీదే బతకాలి అన్నది నా పట్టుదల. మా ఆయనకూ అదే కోరిక, కానీ పైకి అనేవాడు కాదు.

మా చెలకకు పైన, వాలుగా, నాలుగెకరాల గట్టు. అది చెన్నమ్మవ్వది. ఆమెది గద్వాల దిక్కు, ఇటిక్యాల దగ్గర ఊరు. వాళ్ల అమ్మ కన్నడ మనిషి కావడంతో అవ్వ మాటల్లో అప్పుడప్పుడు కన్నడం దొర్లేది. ముఖ్యంగా "బేడ". అంటే వద్దు అని. ఆమె నోట నేను ఎక్కువ విన్న మాట అదే. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రెండు ఆవులు, ఆ గట్టు. గట్టు నిండా గడ్డి. మోకాలి దాకా వచ్చేది ఒకటి, ఇళ్ల మీద కప్పడానికి వాడే బోదగడ్డి ఒకటి, కింద పరుచుకునే గరిక ఒకటి. ఊరంతా దున్నుకుని ఏదో ఒకటి వేసుకుంటుంటే ఈ ముసలామె మాత్రం నాలుగెకరాలు గడ్డికి వదిలేసి, సంవత్సరానికి ఒక్కసారి కోసి అమ్ముకునేది. "పిచ్చిది" అని కొందరు, "బద్ధకం" అని కొందరు అనేవాళ్లు. నేను పైకి అనలేదు కానీ రెండోదే అనుకునేదాన్ని.

ఆమెతో నాకు మొదటి పేచీ భాద్రపదంలో వచ్చింది. దూడకు గడ్డి లేదని కొడవలి తీసుకుని గట్టెక్కాను. నాలుగు పిడికిళ్లు కోశానో లేదో, ఎక్కడినుంచి చూసిందో, చకచకా వచ్చేసింది.

"బేడ బేడ. కొయ్యకు పిల్లా."

"దూడకవ్వా. ఒక్క మోపు."

"ఎప్పుడు కొయ్యాలెనో తెల్సా?"

"ఎప్పుడు?"

ఆమె ఒక గడ్డి కంకిని వంచి నా కొంగులో దులిపింది. ఏమీ రాలలేదు. "సూడు," అంది. అంతే, వెళ్లిపోయింది. ఏం చూడాలి? నేను ఆ ఖాళీ కొంగు పట్టుకుని ఎర్రటి ఎండలో నిలబడ్డాను. రెండు నెలల తర్వాత ఆమె కొడవళ్లవాళ్లను పిలిపించుకున్న రోజున నన్నూ పిలిచింది. మళ్లీ ఒక కంకి కొంగులో దులిపింది. ఈసారి కూడా పెద్దగా రాలలేదు. "గింజ నేలకు పోయింది. ఇగ మనది," అంది. భూమికి ఇవ్వాల్సింది ఇచ్చాకే కొడవలి పెట్టాలన్నమాట. ఆ ముక్క భాద్రపదంలోనే చెబితే ఆమె సొమ్మేం పోయేది? అయితే ఆ రోజు అందరికంటే ముందు ఒక పెద్ద మోపు కట్టించి మా దూడ ముందు వేయించింది. తిట్టుకుందామంటే ఆ వీలూ ఇచ్చేది కాదు.

ఆ తర్వాత వరుసగా వానలు తప్పిన ఏళ్లు వచ్చాయి. ఒక ఏడు ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం గంటసేపు గట్టి వాన కురిసింది. నేనూ మా ఆయనా నెత్తిన గోనెసంచులు కప్పుకుని కుంట గట్టున నిలబడ్డాము. పడమటి వైపు బోడిగట్ల కింద ఉన్నవాళ్ల కుంటల్లోకి ఎర్రటి నీళ్లు ఉరుకుతున్న చప్పుడు మాకు వినిపిస్తోంది. మా కుంటలోకి మాత్రం పైనుంచి బొట్టు రాలేదు. నాలుగెకరాల గట్టు మీద పడ్డ వాన అంతా ఏమైనట్టు? తెల్లారి అవ్వ ఇంటికి వెళ్లాను. ఆవుకు కుడితి పెడుతోంది.

"అవ్వా, నీ గడ్డి మా నీళ్లు తాగుతున్నది."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంది? నిన్న! అందరి కుంటలు నిండినయి. మా దాంట్లకు చుక్క దిగలే."

"నిన్న పడ్డది నిన్ననే తాగిందా? అంత దూప ఉంటదా గడ్డికి?"

"మరి యాడికి పోయినయి నీళ్లు?"

"సుమ్మనిరు," అంది. ఊరుకో అని. "బావిల సూస్తుండు. కుంట కాదు, బావి."

బావి! అడుగున బురద కనిపిస్తున్న బావిలో ఏం చూడమంటుంది? ఇంటికి వచ్చి అంట్లగిన్నెల మీద నా కోపమంతా తీర్చుకున్నాను. మా ఆయన అరుగు మీద కూర్చుని, "గిన్నెలేం జేసినయే, వాటిని ఇడిసిపెట్టు," అన్నాడు.

ఆ మరుసటి ఎండాకాలంలో ఊళ్లో వ్యవసాయం మీటింగు ఒకటి పెట్టి అందరికీ ఒక కాగితం పంచారు. మా ఆయన తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో ఒక వాక్యం ఉంది: గడ్డి, ఇతర కలుపు నేలలోని తేమను పీల్చుకుని పంటకు అందకుండా చేస్తాయి, కాబట్టి ఎప్పటికప్పుడు తొలగించాలి. నేను దాన్ని మూడుసార్లు పైకి చదివాను. చూశారా, అచ్చులో ఉంది! ఆ కాగితం చెప్పింది అబద్ధం కాదు. ఆముదం సాళ్ల మధ్య మొలిచే కలుపు గురించి అది చెప్పింది. నేను దాన్ని గట్టు మీదికి తీసుకెళ్లాను. నాయన అక్షరం నేర్పాడు కానీ, ఏ మాట ఏ నేలకు చెప్పిందో చూసుకోవడం నాకు ఇంకా రాలేదు.

అదే నెలలో అవ్వ తమ్ముడికి జబ్బు చేసిందని ఇటిక్యాల నుంచి కబురొచ్చింది. ఆవులను మా కొట్టంలో కట్టేసి, మూట చంకన పెట్టుకుని మా గుమ్మం ముందు ఆగింది. "గట్టు జర సూస్తుండు పిల్లా. మేకలు రానియ్యకు," అంది. మేకలను రానివ్వలేదు. నేనే వెళ్లాను.

మా చెలకకు సరిగ్గా పైన ఉన్న ఎకరం మేర గడ్డిని పారతో, గడ్డపారతో వేళ్లతో సహా పెకలించాము. మా ఆయన మొదటిరోజు పార ఎత్తి దించి అడిగాడు: "అవ్వకు చెప్పకుండనా?"

"చెప్తే ఏమంటదో తెల్వదా? బేడ అంటది. వచ్చినంక నీళ్లు చూస్తే ఆమెనే అంటది మంచిగ చేసినవని."

నిజంగా అలాగే అనుకున్నాను. దొంగతనంగా చేస్తున్నానని కాదు, తెలియని ముసలామెకు మేలు చేస్తున్నానని. పదిహేను రోజులు ఒళ్లు హూనమైంది. గరిక వేళ్లు ఎంత లోతుకు పోయాయో అప్పుడు చూశాను. లాగితే తెగేవి తప్ప ఊడేవి కావు. ఆ వేళ్లకు అంటుకున్న మట్టి నల్లగా, మెత్తగా, మండువేసవిలో కూడా చల్లగా ఉండేది. చేతికి తగిలింది, బుర్రకు తగల్లేదు. గట్టు శుభ్రంగా, ఎర్రగా, ఊడ్చిన వాకిలిలా తయారైంది. నాకు ముచ్చటేసింది.

మృగశిర దాటాక పెద్ద వాన వచ్చింది. అబ్బ, ఏం నీళ్లవి! గట్టు మీదినుంచి తాళ్లు తాళ్లుగా దిగి గంటలో కుంట నింపాయి. శనివారం కూడా కాదు, అయినా కురుమూర్తిస్వామికి దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టాను. మా ఆయన నన్ను చూసి, "నీ సదువు అక్కరకొచ్చింది," అన్నాడు. ఆ మాటకు మా నాయన ఉంటే ఎంత పొంగిపోయేవాడో అనుకున్నాను. రెండో వాన ఇంకా గట్టిగా పడింది. తెల్లారి వెళ్లి చూస్తే, అప్పుడే రెండాకులు వేసిన ఆముదం మొలకల మీద బెత్తెడు ఎర్ర ఇసుక, గులకరాళ్లు. పై సాళ్లు పన్నెండు కనిపించలేదు. గట్టు మీద నా మోకాలంత లోతున కోత పడింది. కుంటలో సగం నీళ్లు, సగం మట్టి. మళ్లీ విత్తనం తెచ్చి పెట్టాము. ఆపైన ఇరవై రోజులు ఆకాశం తెల్లగా మాడిపోయింది. కుంట ఎండి బీటలు వారింది. బావిలోకి తొంగిచూస్తే, అడుగున ఆ బురద కూడా లేదు.

అప్పుడు వచ్చింది చెన్నమ్మవ్వ. తమ్ముడు బతకలేదు. ఆ దుఃఖంతో వచ్చిన మనిషి, మూట కూడా దించకుండా గట్టు ముందు నిలబడింది. నేను వెనకాల. తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది, ఊరంతా వినేలా అరుస్తుంది, అరిస్తే కాళ్ల మీద పడదామని సిద్ధంగా ఉన్నాను. ఏం చెప్పాలో మాటలు కూడబెట్టుకున్నాను కూడా. ఆమె వంగి ఆ గట్టిపడ్డ నేలను వేలితో తట్టింది. కుండను తట్టినట్టు చప్పుడైంది. లేచి, "బువ్వ తిన్నవా?" అని అడిగింది.

"అవ్వా, నేను..."

"సుమ్మనిరు. ఇంటికి పోయి మూట పెట్టొస్త."

తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో మొనదేలిన ఇనుప సలాక ఉంది, రెండు మూరల పొడవు. నా చేతికిచ్చింది. "గుచ్చు. గీడ ఒకటి, గడ్డిల ఒకటి. తడి ఎంత లోతున ఉన్నదో సూసి చెప్పు."

"నేను చేసింది..."

"గుచ్చమన్న. చెప్పమనలే."

అప్పటినుంచి మూడు రోజులకోసారి నాకు అదే పని. బోడినేలలో ఒక పోటు, మిగిలిన గడ్డిలో ఒక పోటు. సలాక ఎంత సులువుగా దిగిందో, బయటికి తీస్తే ఎంత మేర మట్టి అంటుకుందో వేళ్లతో కొలిచి అవ్వకు చెప్పాలి. వంటైనా కాకపోయినా, జ్వరమొచ్చినా సరే. ఆమె "ఊఁ" అనేది. ఒక్క ముక్క విడమరిచి చెప్పేది కాదు. వాన పడ్డ మర్నాడు బోడినేలలో తడి నాలుగు వేళ్లు, గడ్డిలో జానెడు దాటేది. ఎందుకని అడిగితే, "గడ్డినడుగు," అనేది. నేను అడగలేదు కానీ ఒకరోజు వాన పడుతుండగా వెళ్లి నిలబడి చూశాను. బోడినేల మీద చినుకు సూటిగా పడి, మట్టిని చిమ్మి, రెండు క్షణాలు బుడగలేసి జారిపోతోంది. గడ్డిలో పడ్డది ఆకు మీద వాలి, కాడ వెంట మెల్లగా దిగి, మొదట్లో ఎండుగడ్డి పరుపు మీద ఆగి, ఎటు పోవాలో తోచనట్టు నిలబడి ఇంకిపోతోంది. అరగంట తడిసి ముద్దయ్యాక ఇది తెలిసింది. ఆమె నోరు విప్పితే అరనిమిషం పట్టేది.

ఒకరోజు మాత్రం నాకు దొరికింది అనుకున్నాను. శ్రావణం చివర, మళ్లీ పన్నెండు రోజులు చినుకు లేదు. గుచ్చి చూస్తే, జానెడు లోతున గడ్డి కింది నేలే ఎక్కువ ఎండి ఉంది. బోడినేలలో ఆ లోతున కాస్తో కూస్తో చెమ్మ తగిలింది. పరుగెత్తినట్టే వెళ్లాను.

"చూడవ్వా! గడ్డి తాగుతది తడి. కాగితంల రాసింది అబద్ధం గాదు."

"తాగదని నేనెప్పుడన్న?"

"అనలే, గానీ..."

"తాగకుంటే ఎట్ల బతుకుతది? నువ్వు తాగవా నీళ్లు? తాగి ఊకుంటవా, పని చేస్తవా?"

"గిట్ల తిప్పి తిప్పి మాట్లాడితె నాకు సమజ్ కాదవ్వా! గడ్డి తడి తాగుతదా, నిలుపుతదా? ఒక్కటి చెప్పు!"

ఆమె పొయ్యి ముందునుంచి తల తిప్పి నన్ను చూసింది. "ఒక్కటి చెప్పాల్నంటె ఒక్కటే వాన పడాలె. మల్ల వాన పడ్డంక రా," అంది.

మళ్లీ వాన పుబ్బలో పడింది. గుచ్చాను. తాగి ఎండిపోయిన గడ్డినేల, వేళ్లు పోయిన దారులన్నీ తెరుచుకుని, పడ్డ వానంతా లోపలికి తీసుకుంది. సలాక మూరెడు దిగింది. బోడినేల పైన పెచ్చుకట్టి, ముందున్న చెమ్మనే అంటిపెట్టుకుని, కొత్తనీళ్లను మళ్లీ నా ఆముదం మీదికి తోసేసింది. ఈసారి అవ్వకు చెప్పడానికి వెళ్లలేదు. ఆ వాలు మీద కూర్చుని ఏడ్చాను. అర్థమైనందుకు కాదు, కోపంతో. నేలకు గడ్డి, గడ్డికి నేల ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయని, ఒకటి లాగితే రెండూ పోతాయని నాకు ముందే తెలియాల్సింది. తెలిసినామె నోరు విప్పాల్సింది.

ఆముదం పోయింది. నిజం చెప్పాలంటే ఆ ఏడు గడ్డి ఉన్నా పంట గొప్పగా వచ్చేది కాదు, వానలే అంతంతమాత్రం. కానీ మా చెలకలో వచ్చింది మోపెడు కట్టెలు. దసరా వెళ్లాక గుంపు మేస్త్రి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఏం చెల్లె, ఈసారి పోనని స్వామికి మొక్కినవంట గదా? స్వామి నాకే చెప్పిండు, తోల్కపొమ్మని," అని నవ్వాడు. లారీ ఎక్కే ముందు అవ్వ దగ్గరికి వెళ్లాను. ఈసారైనా ఏదో ఒకటి అంటుందని.

"పోయిరా. జర పైలం," అంది. మళ్లీ, "ఎప్పుడొస్తవ్?" అంది.

"ఉగాదికవ్వా."

"మంచిగైంది. వానకు ముందే పని ఉన్నది."

పట్నంలో ఆ ఆరు నెలలు తట్టలెత్తుతూ ఆమెను తిట్టుకోని రోజు లేదు. తలుచుకోని రోజూ లేదు.

ఉగాదికి తిరిగొచ్చాక మొదలైంది అసలు చాకిరీ. వాలుకు అడ్డంగా గులకరాళ్లతో వరుసలు పేర్పించింది. వాటి వెనక తుమ్మకంప పరిపించింది. ముళ్లు గుచ్చుకుని నా చేతులు జల్లెడలయ్యాయి. పెచ్చుకట్టిన నేలను పారతో గీకి, విత్తనానికని ఒక మూల గింజ రాలకముందే కోసి దాచిన ఎండుగడ్డి తెచ్చి పరిపించింది. మొదటి ఏడాది వాన రెండుసార్లు వచ్చి సగం గింజను ఎత్తుకుపోయింది. మిగిలింది మొలిచి, చెమ్మలేక పదిరోజుల్లో మాడిపోయింది. నాకు ఓపిక చచ్చిపోయింది.

"చెమ్మ లేక గడ్డి లెవ్వదు, గడ్డి లేక చెమ్మ నిలవదు. ఎక్కడ మొదలువెట్టాలెనో నువ్వన్న చెప్పవ్వా!"

"ఎక్కడనో ఒక్కకాడ."

"అంటే యాడ?"

"నాకు తెల్వదు పిల్లా," అంది. అదొక్కటే సూటి జవాబు ఆమె నాకిచ్చింది.

మొదలైంది కంప కింద. ముళ్ల నీడలో, రాయి వెనక, కొట్టుకొచ్చిన నాలుగు వేళ్ల మట్టి ఆగిన చోట, రూపాయి బిళ్లంత గరిక. మరునాటి ఏడు అది అరచేయంత. ఇంకో రాయి వెనక ఇంకోటి. దాని మొదట్లో ఇంకాస్త మట్టి ఆగింది, ఆ మట్టిలో ఇంకాస్త చెమ్మ, ఆ చెమ్మకు మరో రెండు పోచలు. నెమ్మది అంటే అంత నెమ్మది! నేను రోజూ పొద్దున్నే వెళ్లి చూసి, ఏమీ పెరగలేదని విసుక్కుంటూ వచ్చేదాన్ని. మా ఆయన, "దాన్ని గట్ల కండ్లతో గుచ్చితే ఎట్ల పెరుగుతదే, సిగ్గుపడుతది," అనేవాడు. మధ్యలో మరో రెండుసార్లు లారీ ఎక్కాము. వచ్చిన ప్రతిసారీ ఇంటికి పోకముందే గట్టుకు పోయి చూశాను.

నాలుగో ఏడు ఆ ఎకరంలో గడ్డి ఒకదాన్నొకటి అందుకుంది. ఆ ఏడు మఖ, పుబ్బ రెండు కార్తెలూ ఎండగొట్టాయి. ఊళ్లో ఆముదాలు వాడిపోతున్నాయి. మావి పైసాళ్లు వాడాయి కానీ నడిమి నుంచి కింది దాకా ఆకు నిలబడే ఉంది. గట్టు తాగిన నీళ్లు లోలోపల నడిచి ఇన్నాళ్లకు మా చెలక కిందికి వచ్చాయేమో. చదువుకున్నవాళ్లు సరిగా చెప్పాలి. బావిలో మాత్రం నడుము లోతు నీళ్లు నిలవడం నా కళ్లతో చూశాను. రోజూ కడవలతో తోడి పైసాళ్లకు మొక్కమొక్కకూ పోశాము. ఉత్తరలో ఒక వాన పడి గెలలు నిండాయి.

మేస్త్రి వచ్చాడు. మా ఆయన నా మొహం చూశాడు.

"ఈసారి రాం అన్నా," అన్నాను.

"ఏంది చెల్లె, లాటరీ తగిలిందా?"

"ఆముదం తగిలింది."

మేస్త్రి కాసేపు మా చెలక వైపు చూసి, "మంచిది తల్లీ. నేను గూడ గిట్ల ఉండిపోదునేమో, గట్టుంటే," అని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆ మనిషి మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. గట్టెక్కి చెన్నమ్మవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఎండుగడ్డి మోపు మీద కూర్చుని ఉంది. అప్పటికే చూపు మందగించింది.

"అవ్వా, మేం పోతలేం! ఉంటున్నం!"

"గుచ్చి సూసినవా?" అంది. "ఎన్ని వేళ్లు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక మంచిమాట అంటే నోటి ముత్యాలు రాలతాయా? వెళ్లి గుచ్చి వచ్చి చెప్పాను. "ఊఁ" అంది. తర్వాత నా చేయి పట్టుకుని అరచేతిలో ఆ ముళ్ల మచ్చలను బొటనవేలితో కాసేపు తడిమింది.

మరో రెండేళ్లకు ఆమె పోయింది. గట్టు ఆమె తమ్ముడి కొడుకుది. అతను ఇటిక్యాలలోనే ఉంటాడు, చూసుకోమని మాకే వదిలేశాడు. ఇప్పటికీ కంకి దులిపాకే కోస్తాము. నేను చేసిన పనికి ఆమె నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తిట్టి ఉంటే, ఏడ్చి, కాళ్లు పట్టుకుని, ఆ ఏడాదే మరిచిపోయేదాన్నేమో. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నా నోట క్షమించమన్న మాట రానీయకుండా పని చెప్పింది. అంత విసిగించిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఇంత రుణపడ్డ మనిషీ, మా నాయన తప్ప, ఇంకొకరు లేరు.

పెళ్లైన కొత్తలో నేను స్వామిని అడిగేది ఒకటే మాట, వాన ఇవ్వమని. ఇప్పుడు అలా అడగడం నాకు చేతకావడం లేదు. మొదటి వాన ముసురులా మెల్లగా రానీ స్వామీ, గడ్డి మొలక బెత్తెడు లేచేదాకా గట్టివాన వద్దు, లేచాక పడినా గంటకు మించి వద్దు, మళ్లీ వారంలోపు ఒకటి, అది గట్టు మీద ఎక్కువ, చెలక మీద తక్కువ, గింజ రాలేటప్పుడు మాత్రం గాలి వద్దు అంటూ దీపం కొండెక్కేదాకా చెబుతూనే ఉంటాను. ఇంత వివరంగా ఎవరు అడుగుతారు? స్వామికి విసుగొస్తుందేమో. రానీ. అవ్వతో నేను పడలేదా?